సఫేద్ పానీ: ఒక భయం చరిత్ర

తెలుగులో దీన్ని తెల్లబట్ట అంటారు. మన ఇళ్ళల్లో సఫేద్ పానీ అంటారు. హకీముల కితాబుల్లో దీని పేరు సైలాన్-ఉర్-రహిమ్. అంటే గర్భసంచి నుండి కారడం అని అర్థం. ఆయుర్వేదం వాళ్ళు శ్వేతప్రదరం అన్నారు. పాతకాలం ఇంగ్లీషు డాక్టర్లు లికోరియా అన్నారు. ఇప్పుడు కాలేజీ పిల్లలు వైట్ డిశ్చార్జ్ అంటున్నారు.

ఇన్ని పేర్లున్నా ఇంట్లో పేరు పెట్టి మాట్లాడేవాళ్ళు తక్కువ. అమ్మీ, ఖాలా, ఫుప్పూ అందరూ "అదీ..." అని గొంతు తగ్గించేస్తారు. మిగతాది ఎదుటివాళ్ళే అర్థం చేసుకోవాలి.

ఈ పేర్లతో నాకో పెద్ద ఇబ్బంది కనిపిస్తుంది. ఆరోగ్యంగా వున్న ఔరత్‌కు రోజూ వుండే తడికీ, బీమారీ వల్ల వచ్చే స్రావానికీ జనం వాడేది ఒకే మాట. రెంటికీ ఒకే పేరు పెడితే రెండు నష్టాలు జరుగుతాయి. ఏ జబ్బూ లేని పిల్ల తనకేదో రోగం వచ్చిందని కుమిలిపోతుంది. నిజంగా జబ్బున్న తల్లి "అందరికీ వుండేదేగా" అని సంవత్సరాల తరబడి సబర్ చేస్తుంది. మన సమాజంలో ఈ రెండూ జరుగుతున్నాయి. ఎప్పుడూ ఇలాగే వుండేదా అంటే, కాదు. మన తారీఖ్‌లో దీని గురించి ఔరతులు సాఫ్‌గా మాట్లాడుకున్న కాలం ఒకటి వుంది. అక్కడి నుంచే మొదలు పెడతాను.

మదీనా ఔరతులు

ఇమామ్ మాలిక్ ముఅత్తాలోనూ, సహీహ్ బుఖారీలోనూ ఒక రివాయత్ వుంది. మదీనా ఔరతులు చిన్న డబ్బీల్లో దూది పెట్టి హజ్రత్ ఆయిషా (రజి) దగ్గరికి పంపేవారు. దూది మీద పసుపు మరక వుండేది. హైజ్ అయిపోయిందా, గుస్ల్ చేసి నమాజ్ మొదలుపెట్టవచ్చా అన్నది వాళ్ళ సవాల్. తొందరపడకండి, తెల్లనిది కనిపించేదాకా ఆగండి అని ఆమె జవాబు చెప్పేవారు.

ఆ తెల్లనిదాన్ని అరబీలో ఖస్సా అన్నారు. ఖస్సా అంటే గోడలకు వేసే సున్నం వంటిది. హైజ్ చివర్న వచ్చే తెల్లని స్రావమే అది అని కొందరు ఉలమా వివరించారు. దూది ఏ మరకా లేకుండా తెల్లగా బయటికి రావడం అని మరికొందరు అన్నారు. ఏ అర్థం తీసుకున్నా ఒక సంగతి మారదు. ఆ రోజుల్లో తెలుపు పాకీకి నిషానీ. తహారత్ మొదలైందని చెప్పే గుర్తు. ఈరోజు అదే తెలుపును చూసి మన ఆడపిల్లలు హడలిపోతున్నారు.

అదే బాబ్‌లో ఇంకో రివాయత్ వుంది. కొందరు ఔరతులు అర్ధరాత్రి దీపాలు తెప్పించుకుని పాకీ వచ్చిందో లేదో చూసుకుంటున్నారని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) కుమార్తెకు తెలిసింది. ఆమెకు అది నచ్చలేదు. వెనకటి ఔరతులు ఇలా చేసేవారు కాదని ఆమె తప్పు పట్టారు. అంటే ఒకవైపు సంకోచం లేకుండా అడగడమూ వుంది, మరోవైపు మితిమీరిన వస్వసాను వద్దనడమూ వుంది.

ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) ఆగకుండా నెత్తురు పోతోందని నేరుగా రసూలుల్లాహ్ (సఅసం) దగ్గరికే వెళ్ళి అడిగారు. అది హైజ్ కాదనీ, ఒక నరం నుండి వచ్చేదనీ ఆయన చెప్పారు. హైజ్ వేరు, ఇస్తిహాజా వేరు అనే ఫరఖ్ ఇలాంటి సవాళ్ళ నుంచే ఫిఖహ్‌లోకి వచ్చింది. దీన్ నేర్చుకోవడానికి హయా అడ్డురానివ్వని అన్సార్ ఔరతులను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు.

ఫిఖహ్ కితాబులు చూడండి. హైజ్, నిఫాస్, ఇస్తిహాజా, రుతూబత్ అని వేర్వేరు మాటలున్నాయి. రుతూబత్ అంటే తడి. అది నెత్తురు కాదు. దాని వల్ల నమాజ్ మాఫ్ కాదు, రోజా ఆగదు. దానితో ఉజూ పోతుందా, బట్ట కడగాలా అన్నదాంట్లో ఇమాముల మధ్య ఇఖ్తిలాఫ్ వుంది. ఆ మస్‌అలా మీ మస్లక్ ఆలిమ్‌ను గానీ, ఆలిమాను గానీ అడగండి. నేను చెప్పేది తారీఖ్, సెహత్ సంగతి. సఫేద్ పానీ వుందని నమాజ్ మానేసే ఆడపిల్లలు ఇప్పటికీ వున్నారు. వాళ్ళకు ఈ ఒక్క మాట చేరినా చాలు.

హకీముల కాలం

తరవాతి శతాబ్దాల్లో తిబ్ పెరిగింది. ఇబ్నె సీనా (980-1037) తన అల్-ఖానూన్‌లో గర్భసంచి జబ్బులకు ఒక భాగమే కేటాయించాడు. యునానీ తిబ్ నాలుగు ఖిల్త్‌ల మీద నిలబడింది. ఖూన్, బల్గమ్, సఫ్రా, సౌదా. స్రావం తెల్లగా వుంటే బల్గమ్ ఎక్కువైందని, పసుపుగా వుంటే సఫ్రా ఎక్కువైందని హకీములు లెక్క కట్టేవారు. ఔరత్ వాడిన గుడ్డను ఆరబెట్టి దాని రంగు చూసి మిజాజ్ తేల్చేవారు.

ఇప్పటి సైన్స్ ఖిల్త్‌లను ఒప్పుకోదు. కానీ రంగు, చిక్కదనం, వాసన చూసి తేల్చుకోవాలన్న పద్ధతి ఈరోజు గైనకాలజిస్టు కూడా వదల్లేదు. ఆమె కూడా మొదట అడిగేది అవే.

ఉందులుస్‌లో అబుల్ ఖాసిమ్ అల్-జహ్రావీ (936-1013) తన అత్-తస్రీఫ్‌లో సర్జరీ పరికరాల బొమ్మలు గీశాడు. అందులో యోనిని తెరిచి లోపలికి చూసే పరికరమూ వుంది. ఈరోజు గైనిక్ ఓపీలో వాడే స్పెక్యులమ్ ఆ ఖాందాన్‌దే. ఔరతుల మూత్రాశయంలో రాయి తీసే చోట, వైద్యం తెలిసిన ఔరత్‌ను వెతకమనీ, అలాంటివాళ్ళు అరుదనీ ఆయన రాశాడు. లేకపోతే ఒక దాయిని పక్కన పెట్టుకుని, ఆమె చేతులతో పరీక్ష చేయించమన్నాడు.

ఇక్కడే ఒక గోడ కనిపిస్తుంది. హకీముకు ఇల్మ్ వుంది, పేషెంటును ముట్టుకునే వీలు లేదు. దాయికి ముట్టుకునే వీలుంది, కితాబు చదివే వీలు లేదు. ఈ ఇద్దరి మధ్యా వున్న ఖాళీలో చాలామంది ఔరతుల ప్రాణాలు పోయాయి. మన దేశంలో ఈ గోడకు దర్వాజా పెట్టాలని చూసినవారిలో హకీమ్ అజ్మల్ ఖాన్ ఒకరు. 1909లో ఢిల్లీలో ఆయన ఔరతుల కోసం జనానా తిబ్బీ మద్రసా తెరిచారు. దాయిలకు చదువు చెప్పించాలన్నది ఆయన పట్టుదల.

ఆ రోజుల్లోనే మౌలానా అష్రఫ్ అలీ థానవీ బహిష్తీ జేవర్ వచ్చింది. నిఖా అయిన ఆడపిల్లకు జహేజ్‌తో పాటు ఈ కితాబు ఇవ్వడం మన ఇళ్ళల్లో రివాజ్. అందులో హైజ్ మసాయిల్ వున్నాయి. ఒక హిస్సాలో ఔరతుల బీమారీలకు యునానీ నుస్ఖాలూ వున్నాయి. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు. ఒక ఔరత్ తన గదిలో కూర్చుని తన ఒంటి గురించి ఉర్దూలో చదువుకోగలిగింది. ఆ కితాబు జిల్దు తళతళలాడుతూ అల్మారాలో వుండిపోయి, ఆ పేజీలు తెరవకుండానే నానీలయిపోయినవాళ్ళూ వున్నారు.

ధాతువు భయం

తెలుపు పాకీకి నిషానీ అయితే, అది రోగం ఎలా అయింది?

దీనికి ఒక దారి ధాతువు నమ్మకం. ఆయుర్వేదంలో ఏడు ధాతువులు. రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం. తిన్న అన్నం ఒక్కో మెట్టూ ఎక్కి చివరికి శుక్రం అవుతుందనీ, అందుకే అది అన్నిటికన్నా విలువైనదనీ నమ్మకం. నలభై బొట్ల రక్తంతో ఒక్క బొట్టు తయారవుతుందనే లెక్క ఊరూరా తిరిగింది. మగవాళ్ళలో ఈ భయాన్ని 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ ధాత్ సిండ్రోమ్ అన్నారు. ధాతువు పోతోంది, అందుకే నీరసం అనే భయమే ఒక జబ్బుగా మారడం అది.

ఔరతుల్లో ఇదే భయం సఫేద్ పానీ రూపంలో వుంది. ఎముకలు కరిగి తెల్లగా కారిపోతున్నాయని దక్షిణాసియా అంతటా ఔరతులు నమ్ముతారు. నడుంనొప్పి, కళ్ళు తిరగడం, కాళ్ళు లాగడం, అన్నిటికీ కారణం అదే అంటారు. ఇందులో హిందూ ముస్లిం తేడా లేదు. ఖిల్త్‌లు నమ్మే ఇంట్లోనూ ఎముకలు కరిగే భయం వుంది.

సఫేద్ పానీలో ఎముక వుండదు. అది యోని గోడల తడి, గర్భాశయ ముఖద్వారం దగ్గర తయారయ్యే జిగురు, రాలిపోయిన పాత కణాలు, మేలు చేసే సూక్ష్మజీవులు. ఇంతే. రోజుకు ఒకటి నుండి నాలుగు మిల్లీలీటర్లు, అంటే ఒక టీ స్పూనుకు లోపే. మరి నీరసం ఎందుకు? మన ఇళ్ళల్లో అందరూ తిన్నాక మిగిలింది తినేది ఔరత్. ఆమెకు ఖూన్ తక్కువ. దానికి వైద్యం ఐరన్ మాత్రలు, కడుపునిండా ఖానా, రాత్రి నిద్ర. సఫేద్ పానీ మీద నెపం వేయడం ఇంట్లో అందరికీ సులువు. ఎందుకంటే అప్పుడు ఆమె పళ్ళెంలో ఏముందో ఎవరూ చూడనక్కర్లేదు.

ఘోషా ఆస్పత్రి

విశాఖపట్నం వాళ్ళకూ, విజయనగరం వాళ్ళకూ ఘోషా ఆస్పత్రి అంటే తెలుసు. కాన్పుల ఆస్పత్రి అది. ఆ మాట మన గోషా నుంచి వచ్చింది. ఫార్సీలో గోషా అంటే మూల, ఏకాంతం. పర్దాలో వుండే ఔరత్‌ను గోషా స్త్రీ అనేవారు. ముస్లిం ఔరతులే కాదు, పెద్ద కులాల హిందూ ఔరతులు కూడా మగ డాక్టరు ముందుకు వచ్చేవాళ్ళు కాదు.

1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో నలుగురు ఔరతులు చేరారు. వాళ్ళలో మేరీ షార్లీబ్ ఒకరు. పర్దా ఔరతులు వైద్యం లేక చనిపోవడం చూసి ఆమె వైద్యం నేర్చుకున్నారు. 1885లో ఆమె చొరవతో మద్రాసులో కులస్త్రీలకూ గోషా స్త్రీలకూ ప్రత్యేకంగా ఆస్పత్రి మొదలైంది. అదే ఇప్పటి ట్రిప్లికేన్ కస్తూర్బా గాంధీ ఆస్పత్రి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే వున్నాయి. అదే 1885లో ఔరతులకు ఔరత్ డాక్టర్లు కావాలని లేడీ డఫరిన్ ఫండ్ పెట్టారు.

హైదరాబాద్‌లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1846లో మెడికల్ స్కూల్ పెట్టారు. పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. పాసైనవాళ్ళకు హకీమ్ పట్టా ఇచ్చేవారు. 1889లో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ ఔరత్ ఆ పట్టా పొందారు. మత్తు ఇచ్చే వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరిగా ఆమెకు పేరు. జహ్రావీ కాలంలో దొరకని వైద్యురాలు ఇక్కడ దొరికింది. ఉర్దూ చదివిన ఔరత్ హకీమ్ అయింది.

అయినా ఘోషా ఆస్పత్రికి జనం కాన్పు కోసం వెళ్ళారు, తెల్లబట్ట కోసం వెళ్ళలేదు. కాన్పు ఖుషీ సంగతి. ఇది షరమ్ సంగతి. ఆ షరమ్ మీద ఒక బజారే నడిచింది. గోడల మీద సున్నంతో రాసిన ఇస్తిహార్లు మనం చూసినవే. తెల్లబట్టకు గ్యారంటీ వైద్యం, ఫలానా లాడ్జిలో ఫలానా వారం. ముందు ధాతువు పోతోందని భయపెట్టడం, తరవాత ఆ భయానికి లేహ్యం అమ్మడం. లేని రోగాన్ని నయం చేయడం కన్నా లాభసాటి బేరం ఏముంటుంది?

ఖుర్ద్‌బీన్ చూపించింది

ఈలోగా యూరప్‌లో ఖుర్ద్‌బీన్ కింద ఇదే తడిని పెట్టి చూస్తున్నారు. 1836లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ డోనే నురగగా వున్న స్రావంలో కదిలే ఒక జీవిని చూశాడు. దాని పేరు ట్రైకోమోనాస్. పెళ్ళైన జంటల్లో ఒకరి నుండి ఒకరికి అంటే జబ్బు అది.

1892లో ఆల్బర్ట్ డోడర్‌లైన్ అనే జర్మన్ వైద్యుడు ఇంకా ముఖ్యమైన సంగతి చెప్పాడు. ఆరోగ్యంగా వున్న ఔరత్ స్రావంలో పుల్లల్లాంటి సూక్ష్మజీవులుంటాయి. అవి లాక్టిక్ ఆసిడ్ తయారు చేస్తాయి. ఆ పులుపు వల్ల చెడు క్రిములు పెరగలేవు. పాలను పెరుగు చేసే లాక్టోబాసిల్లస్ ఖాందాన్‌కు చెందినవే ఇవి కూడా. అంటే ఆ తడి మైల కాదు, హిఫాజత్. పడుచు వయసులో యోని పీహెచ్ సుమారు 3.8 నుండి 4.5 దాకా వుంటుంది. అది ఆ పులుపు వల్లనే. అందుకే కాస్త పుల్లని వాసన వుండడం మామూలే. సబ్బూ, డెట్టాలూ లోపలికి పోసి కడిగితే ఆ కాపలాదార్లు చనిపోతారు. అప్పుడే అసలు బీమారీ మొదలవుతుంది.

మూడో కథ నాకు చాలా ఇష్టం. జార్జి పాపనికొలావ్ గ్రీసు నుండి న్యూయార్క్‌కు వలస వెళ్ళాడు. మొదట గినీ పందుల స్రావాన్ని రోజూ గాజుపలక మీద పూసి చూసేవాడు. తరవాత మనుషుల్లో మామూలు స్రావం ఎలా మారుతుందో తెలుసుకోవాలనుకున్నాడు. ఆయన భార్య ఆండ్రోమకీ ఏళ్ళ తరబడి తన నమూనాలు ఇచ్చింది. ఆరోగ్యం ఎలా వుంటుందో అలా నేర్చుకున్నాకే ఆయన కళ్ళకు క్యాన్సర్ కణాలు తేడాగా కనిపించాయి. 1928లో మొదటిసారి చెబితే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1943లో హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి కితాబు వేశాక ప్రపంచం విన్నది. అదే పాప్ స్మియర్ టెస్ట్. ఇది లక్షల మంది ఔరతులను బతికించింది. మామూలుగా వుండేది ఏదో తెలిస్తేనే బీమారీ తెలుస్తుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి మిసాల్ లేదు.

గడ్చిరోలీ, గోవా

ప్రాణహిత దాటితే గడ్చిరోలీ. మన తెలంగాణకు ఆనుకుని వున్న మహారాష్ట్ర జిల్లా. అక్కడ డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ రెండు పల్లెల్లో 650 మంది ఔరతులను పరీక్ష చేశారు. 1989లో లాన్సెట్ పత్రికలో ఆ లెక్కలు వచ్చాయి. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ జబ్బు వుంది. అంతకు ముందు ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్ళు 8 శాతం మాత్రమే. ఔరతుల ఆరోగ్యం అంటే కాన్పు, కుటుంబ నియంత్రణ అనుకునే సర్కారుకు అది పెద్ద చెంపపెట్టు.

కొన్నేళ్ళ తరవాత గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్, ఆయన సాథీలు దాదాపు 2,500 మంది ఔరతుల మీద ఇంకో పరిశోధన చేశారు. తెల్లబట్ట అవుతోందని చెప్పినవాళ్ళలో చాలామందికి ఇన్ఫెక్షన్ లేదు. ఆ ఫిర్యాదు ఇన్ఫెక్షన్‌తో కన్నా దిగులుతో, మానసిక వేదనతో ఎక్కువ ముడిపడి వుంది.

ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. గడ్చిరోలీలో జబ్బుంది, చెప్పుకునే చోటు లేదు. గోవాలో గమ్ వుంది, దాన్ని చెప్పుకునే మాట లేదు. "మియా కొడుతున్నాడు", "రాత్రిళ్ళు నిద్ర లేదు" అని చెప్పలేని ఔరత్ "సఫేద్ పానీ అవుతోంది" అని చెప్పగలదు. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఇంట్లో ఇజాజత్ దొరికే మాట అదొక్కటే కావచ్చు. అందుకే మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటే రెండూ అడగండి. ఒంట్లో ఎలా వుంది? దిల్లో ఎలా వుంది?

భయానికి కట్టిన ఖీమత్

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఔరతుల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద వందకు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. దేశంలో అందరికన్నా మనమే ముందు. ఎక్కువమంది చెప్పే కారణం ఆగని నెత్తురే. కానీ "తెల్లబట్ట అవుతోందా? క్యాన్సర్‌లోకి మారుతుంది, తీసేద్దాం" అనే మాట విని ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్ళ గురించి మన రెండు రాష్ట్రాల్లో వినని ఊరు వుండదు. అనవసరంగా గర్భసంచులు తీసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా కేంద్రం మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని ఆదేశించింది.

సఫేద్ పానీ క్యాన్సర్‌గా మారదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణం దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వైరస్. ఇన్ఫెక్షన్‌కు వైద్యం మందులు, కత్తి కాదు. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే హార్మోన్ ఆగిపోయి ఎముకలు నిజంగానే బలహీనపడతాయి. ఎముకలు కరుగుతున్నాయన్న ఉత్తి భయంతో వెళ్ళి, ఆ జబ్బును నిజంగా తెచ్చుకోవడం ఇది. ఎవరైనా గర్భసంచి తీసేయాలంటే కారణం కాగితం మీద రాయించుకోండి. ఇంకో లేడీ డాక్టరుకు చూపించండి. ఒక వారం ఆగితే పోయేదేమీ వుండదు, ప్రాణం మీదికి వచ్చిన నెత్తురైతే తప్ప.

ఏది మామూలు, ఏది బీమారీ

ఇప్పుడు అసలు సంగతి. అమ్మీలు తమ బేటీలకు చెప్పాల్సింది.

మామూలు స్రావం నీళ్ళలా గానీ, పాలలా తెల్లగా గానీ వుంటుంది. బట్ట మీద ఆరాక లేత పసుపుగా కనిపించవచ్చు. దురద వుండదు, మంట వుండదు, దుర్వాసన వుండదు. నెల పొడుగునా ఒకేలా వుండదు. రెండు హైజ్‌ల మధ్య రోజుల్లో అండం విడుదలయ్యేటప్పుడు గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. తరవాత చిక్కబడుతుంది. ఆడపిల్లకు మొదటి హైజ్ రావడానికి కొన్ని నెలల ముందే మొదలవుతుంది. అది రోగం కాదు, హైజ్ రాబోతోందని ఖబర్. కడుపుతో వున్నప్పుడు ఎక్కువవుతుంది. హైజ్ ఆగిపోయిన వయసులో తగ్గుతుంది. పుట్టిన పసికూనకు కూడా మొదటి రోజుల్లో తల్లి హార్మోన్ల వల్ల కాస్త తెల్లగా, ఒక్కోసారి చుక్క నెత్తురు కనిపించవచ్చు. దానికీ కంగారు పడకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన గుర్తులు వేరు.

పెరుగు ముక్కల్లా తెల్లగా గడ్డలు గడ్డలుగా, విపరీతమైన దురదతో వుంటే అది చాలావరకు ఫంగస్. మాటిమాటికీ వస్తుంటే షుగర్ టెస్ట్ కూడా చేయించుకోవాలి.

బూడిద రంగులో పల్చగా, చేపల వాసనతో వుంటే లోపలి మంచి సూక్ష్మజీవులు తగ్గి వేరేవి పెరిగాయని అర్థం.

పసుపు, ఆకుపచ్చ రంగులో నురగగా వుంటే ట్రైకోమోనాస్ కావచ్చు. దీనికి మియాబీబీ ఇద్దరూ మందు వాడాలి. ఒక్కరే వాడితే మళ్ళీ వస్తుంది.

పొత్తికడుపు నొప్పి, జ్వరం, మూత్రంలో మంట తోడైతే ఆలస్యం చేయకండి.

మియాబీబీ కలిశాక నెత్తురు కనిపించినా, రెండు హైజ్‌ల మధ్య నెత్తురు వచ్చినా, దుర్వాసనతో నెత్తురు కలిసిన నీళ్ళు పోతున్నా వెంటనే చూపించుకోవాలి. హైజ్ ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా అంతే. నానీ వయసులో "మళ్ళీ మొదలైంది" అని నవ్వుకునే సంగతి కాదది. క్యాన్సర్‌ను తొందరగా పట్టుకునే మోకా అదే.

కడుపుతో వున్నవాళ్ళకు ఒక్కసారిగా నీళ్ళు పోయినా, నెత్తురు కనిపించినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. ఇంకా పెద్దమనిషి కాని పిల్లకు దుర్వాసన వున్న స్రావం గానీ, నెత్తురు గానీ వుంటే తప్పకుండా డాక్టరుకు చూపించండి.

పెళ్ళి కాని అమ్మాయిలను ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి తల్లులు భయపడతారు. వాళ్ళకు మామూలుగా లోపలి పరీక్ష చేయరు. అడిగి తెలుసుకోవడం, అవసరమైతే పై నుంచి నమూనా తీయడం, కడుపు మీద స్కానింగ్ చేయడం, అంతే. లేడీ డాక్టరే కావాలని అడగడం మీ హక్కు. సర్కారీ ఆస్పత్రుల్లోని సురక్షా క్లినిక్‌లలో ఈ జబ్బులకు మందులు ముఫ్త్‌గా ఇస్తారు. స్రావానికి ఇచ్చే కిట్ ఆకుపచ్చ రంగులో వుంటుంది. ముప్ఫై దాటిన ఔరతులకు గర్భాశయ ముఖద్వార పరీక్ష కూడా సర్కారీ ఆస్పత్రుల్లో చేస్తారు. ఏ బాధా లేకపోయినా చేయించుకోండి. ఆడపిల్లలకు 9-14 ఏళ్ళ మధ్య హెచ్‌పీవీ టీకా గురించి డాక్టరును అడగండి.

ఇంట్లో జాగ్రత్తలు కొన్నే. ఇస్తింజా ముందు నుండి వెనక్కి చేసుకోవాలి. మామూలు నీళ్ళు చాలు, లోపలికి ఏదీ పోయకూడదు. కాటన్ లోదుస్తులు ఎండలో ఆరేయాలి, గదిలో మూలన దాచి కాదు. మెడికల్ షాపులో అడిగి మాత్రలు మింగకండి, ఒకరి మందు ఇంకొకరు వాడకండి.

మదీనా ఔరతులు దూది డబ్బీ పంపి అడిగారు. మన బేటీలకు ఫోను వుంది, పక్క వీధిలో లేడీ డాక్టరు వుంది. లేనిది అడగడానికి ఇంట్లో ఒక మనిషి. ఆ మనిషి అమ్మీ కావచ్చు, ఆపా కావచ్చు, భాభీ కావచ్చు. మొదటి హైజ్ రాకముందే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ఇది రుతూబత్, ఇది సెహత్. ఇది ఇలా మారితే నాకు చెప్పు, డాక్టరు దగ్గరికి వెళ్దాం. పది నిమిషాల మాట ఇది.